ముప్ఫై ఎనిమిదో సంచి

లాండ్రీ బిల్డింగు, ఆస్పత్రి వెనక
3వ తేదీ, మంగళవారం మధ్యాహ్నం

అమ్మడూ,

ముందు ఒక మాట. నేను బాగానే ఉన్నాను. బాగానే ఉన్నవాణ్ణి పట్టుకొచ్చి లోపల పెట్టి తాళం వేశారు, అదొక్కటే నా బాధ.

నిన్న పొద్దున గోడౌనులో డ్రమ్ములు పగిలి తెల్లపొడి లేచిన సంగతి నీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. అరవై రెండు మందిని మా ఆస్పత్రికి తెచ్చారు. ఇలాంటప్పుడు ఏం చేయాలో మాకు ఏడాదికోసారి ఉత్తుత్తి ప్రాక్టీసు చేయిస్తారు కదా, ఇంటికొచ్చి నీకు చెప్పి నవ్వేవాణ్ణి. నిన్న నవ్వు రాలేదు. మనిషిని లోపలికి తేకముందే బయట గుడారంలో బట్టలు తీసేయాలి. తలమీంచి లాగకూడదు, పొడి మొహంలో పడుతుంది. కత్తెరతో ముందువైపు నిలువునా కత్తిరించి, లోపలి వైపు పైకి వచ్చేలా చుట్ట చుట్టాలి. మనిషి అటు నీళ్ళ కిందికి పోతాడు, బట్టలు ఇటు నా దగ్గరికి వస్తాయి. ఒకే నంబరున్న చీటీలు మూడు. ఒకటి మనిషి మణికట్టుకి, ఒకటి సంచికి, ఒకటి నా రిజిస్టరులోకి. వాచీ, తాళాలు, కళ్ళజోడు లాంటివి ఉంటే చిన్న సంచిలో వేసి పెద్ద సంచికి కట్టాలి. దాని మీద ఇంకో సంచి తొడిగి, మెడ మెలిపెట్టి, మడిచి, టేపు చుట్టాలి. ఒక పెద్దావిడ కట్టుడు పళ్ళు ఇవ్వనంటే ఇవ్వనని నోరు బిగించుకుని కూర్చుందట. ఆవిణ్ణి నేను చూడలేదు. నిన్నంతా నేను ఒక్క మొహం కూడా చూడలేదు, బట్టలే చూశాను.

నా చేతులమీదుగా అరవై రెండు సంచులు వెళ్ళాయి, ఒక్కటీ తారుమారు కాలేదు. ఒక్కచోట మాత్రం తిరకాసు వచ్చింది. స్పృహ లేని ఇద్దర్ని ఒకే బండి మీద తెచ్చారు. ఇద్దరి బట్టలూ కత్తిరించి, ఒకే కుప్పగా నా మీద పడేసి, ముప్ఫై ఎనిమిది, ముప్ఫై తొమ్మిది అని రెండు చీటీలు చేతిలో పెట్టి పరుగెత్తారు. లాండ్రీ పెద్దావిడ నాకు సాయంగా ఉంది. ప్రతిదానికీ తీర్పు చెబుతుందని ఆవిణ్ణి మేమంతా జడ్జిగారు అంటాం. "రెండూ కలిపి ఒకే సంచిలో పెట్టి, రెండు నంబర్లూ వేసెయ్యండి" అంది. ఒక సంచికి రెండు నంబర్లా? ఇరవై ఆరేళ్ళుగా నా రిజిస్టరులో కొట్టివేత అన్నది లేదు. రంగు చూసి విడదీశాను. బూడిద రంగు చొక్కా, బూడిద రంగు ప్యాంటు, వాచీ ఒకదాంట్లో. గళ్ళ చొక్కా, నల్ల ప్యాంటు, తాళాలగుత్తి రెండోదాంట్లో. చూడముచ్చటగా కుదిరింది.

అంతా అయ్యాక చూస్తే నా చేతితొడుగు చిరిగి ఉంది, జడ్జిగారి మాస్కు గడ్డం కిందికి జారి ఉంది. ఆ పొడి ఏమిటో పరీక్షలో తేలేదాకా మేమిద్దరం, ఆ సంచులూ ఇక్కడే. కిటికీలకి టేపు వేశారు. గాలి బయటికి పోకూడదని ఫ్యాన్లు ఆపేశారు. నా ఫోను కూడా సంచిలోకే పోయింది. నాకు నేనే నంబరు వేసుకున్నాను, అరవై మూడు.

నీ ఉత్తరాలు లోపలికి వస్తాయి, నావి బయటికి రావు. రాసి కిటికీ అద్దానికి ఆనిస్తే గేటు వాచ్‌మన్ ఫోటో తీసి, ప్రింటు తీయించి ఇస్తానన్నాడు. నా చేతిరాత ఆయన చదువుతాడన్న భయం లేదు. ఇన్నేళ్ళలో నా చీటీ ఒక్కటి చదివిన పాపాన పోలేదు.

ఇంతసేపూ నీళ్ళు నమిలాను. అడగాల్సింది అడుగుతున్నాను. నీ నిద్రమొహం మొగుడు నిన్న గోడౌనుకి వెళ్ళలేదని రాయి. లేవలేదు, దుప్పటి తన్ని పడుకున్నాడు అని రాయి. ఈ ఒక్కసారికి అతన్ని మెచ్చుకుంటాను.

అద్దానికి ఇవతల నుంచి,
మామయ్య

*

ఇల్లు
3వ తేదీ, మంగళవారం సాయంత్రం

మామయ్యా,

వెళ్ళారు. ఏడింటికే వెళ్ళారు. తూకం గుమాస్తా ముందు వెళ్ళకపోతే లారీలు కదలవని టిఫినైనా తినకుండా పోయారు.

నిన్నటి నుంచి మీ ఆస్పత్రి గేటు దగ్గరే ఉన్నాను. నువ్వు లోపల ఎక్కడో క్షేమంగా ఉండి ఉంటావు, ఎవరో ఒకరు నీకు చెబుతారు, నువ్వొచ్చి నన్ను లోపలికి తీసుకెళ్తావు అనుకుంటూ నిలబడ్డాను. నువ్వే లోపల ఇరుక్కున్నావని నీ ఉత్తరం చూశాకే తెలిసింది.

యాభై ఏడు మంది పేర్లు చదివారు. ఆయన పేరు లేదు. మాట్లాడలేని వాళ్ళు ఐదుగురు ఉన్నారట, నంబర్లు తప్ప ఇంకేమీ తెలియదట. అందులో ఒకరు నిన్న సాయంత్రమే పోయారట. గోడౌనులోకి ఫోను, గుర్తింపు కార్డు తీసుకెళ్ళనివ్వరు, అన్నీ గేటు గదిలో పెట్టి వెళ్ళాలి. ఆ గదికీ సీలు వేశారు. "మా ఆయన్ని నేను చూస్తే గుర్తుపడతాను, పంపండి" అంటే, "అందరూ అదే అంటున్నారమ్మా" అని తలుపు వేసుకున్నారు.

నిన్న వేసుకున్నది బూడిద రంగు చొక్కా, నేను కుట్టిందే. పై నుంచి మూడో గుండీ ఊడితే ఆ రంగు దారం దొరక్క మెరూను దారంతో కుట్టాను. చేతికి వాచీ ఉంది. పట్టీ వదులైందని నా మిషను సూదితోనే ఇంకో కన్నం పొడిచి ఇచ్చాను. మామయ్యా, ఆ ఐదు సంచులూ చూడు. ఇంకేమీ రాయకపోయినా సరే, ఉందో లేదో రాయి.

అమ్మడు

*

లాండ్రీ బిల్డింగు
4వ తేదీ, బుధవారం పొద్దున

అమ్మడూ,

ఉన్నాడు! ముప్ఫై ఎనిమిది. బతికి ఉన్నాడు!

సంచి తెల్లదే, విప్పక్కర్లేకుండా చూశాను. మూడో గుండీ, మెరూను దారం. వాచీ పట్టీకి అదనంగా నీ కన్నం. అప్పుడు కళ్ళద్దాలకి ఆవిరి పట్టి, చొక్కా మీదంతా పొడి ఉండి ఆనవాలు పట్టలేకపోయాను కానీ, ఇప్పుడు అనుమానం లేదు. వెంటనే ఇంటర్‌కామ్‌లో ఆఫీసుకి చెప్పాను. ముప్ఫై ఎనిమిది నంబరు మనిషి పై అంతస్తులో మెషీను మీద ఉన్నాడు, ఊపిరి తీసుకుంటున్నాడు అన్నారు. వాళ్ళ పుస్తకంలో అతని పేరు, నీ పేరు రాయించాను. రేపటి నుంచి నిన్ను పంపుతారు.

నేను ఏడ్చాను. జడ్జిగారు చూడనట్టు అటు తిరిగింది. పెళ్ళి రోజున అతని నడక మీద నేను వేసిన వెధవ జోకు గుర్తొచ్చింది. ఎడమ కాలు అంగుళం పొట్టయితే మనిషికి తక్కువా? నువ్వు నన్నడగకుండా ఎంచుకున్నావన్న ఉక్రోషం తప్ప, ఆరేళ్ళుగా అతనిలో నాకు కనిపించిన లోపం ఏమీ లేదు. లేచాక నిద్రమొహం అని పిలవను. పిలిస్తే నువ్వు నాతో మాట్లాడకు.

పక్కనే ఉన్న ముప్ఫై తొమ్మిది మాత్రం పోయాడు పాపం, సోమవారం సాయంత్రమే. అతని సంచిలోని తాళాలగుత్తి ఎలా ఉందో ఫోనులో చెప్పమంటే ఆఫీసుకి చెప్పాను. ఆకుపచ్చ దారం, మూడు తాళాలు, ఒకటి విరిగింది. గోడౌను వెనక వీధిలో ఇస్త్రీ కొట్టు పైన ఉండే ఒకావిడ అది తమదే అని గుర్తుపట్టిందట. పొడి అంటుకున్న మనిషి కాబట్టి ఆస్పత్రి వాళ్ళే సీలు వేసిన పెట్టెలో రేపు పూడుస్తారు. మొహం కూడా చూపించరు. ఆవిడ గురించి ఆలోచిస్తూనే నీ గురించి సంతోషపడుతున్నాను. ఏం చేయను, మనిషి బుద్ధి అంతే.

సంతోషంతో,
మామయ్య

*

ఆస్పత్రి ఎదురుగా టీ కొట్టు
6వ తేదీ, శుక్రవారం

మామయ్యా,

నిన్న, ఇవాళ చూశాను. పది నుంచి పదకొండు వరకు ఉండనిస్తారు. ఒక అద్దం, దానికి ఇవతల నీలం కుర్చీ, గోడకి ఒక బటన్. అది నొక్కి మాట్లాడితే లోపల వినిపిస్తుంది. మొదటిసారి చూసినప్పుడు నాకేమీ అర్థం కాలేదు. కళ్ళ మీద దూది, నోట్లో గొట్టం, తల గొరిగేశారు, మొహం ఉబ్బి రెండింతలైంది. దుప్పటి పాదాల కిందిదాకా కప్పి ఉంది. నువ్వు చెప్పి ఉండకపోతే ఎవరో అనుకునేదాన్ని.

ఏం మాట్లాడాలో తెలియక ఇంటి సంగతులు చెప్పాను. కుళాయి కారుతోంది, స్కూలు యూనిఫారాలు ఇంకా నలభై కుట్టాలి, పైవాళ్ళు మళ్ళీ మన తాడు మీదే బట్టలు ఆరేశారు అని. ఇవాళ కుళాయి గురించి చెబుతుండగా కుడిచేతి చిటికెన వేలు కదిలింది. వాచి వంకరపోయి ఉంది పాపం, అయినా కదిపారు. "గొంతు గుర్తుపడుతున్నారు, రోజూ రండి" అంది నర్సు. రాకుండా ఎక్కడికి పోతాను?

గొంతుకి రంధ్రం చేసి గొట్టం మార్చాలంటే సంతకం పెట్టాను. సాయంత్రానికి బాగానే ఉందన్నారు. వచ్చే గురువారం, పన్నెండో తేదీన, పెద్ద ఆస్పత్రికి మారుస్తారట. ఆరు గంటల ప్రయాణం. బండిలో ఇంటి మనిషి ఒక్కరే వెళ్ళాలి, నెలో రెండు నెలలో అక్కడే ఉండాలి. మిషనుకి గుడ్డ కప్పేశాను. యూనిఫారాల వాళ్ళు తిట్టుకుంటే తిట్టుకోనీ.

ఇంట్లోకి వెళ్తే గోడలు మీదికొస్తున్నాయి. ఆ కుర్చీలో ఉన్న గంటే ఊపిరి ఆడుతోంది. నీకు ఫ్యాన్లు వేశారా? ఆ వాచీ తుడిచి నాకు ఇవ్వడానికి వీలవుతుందేమో అడుగు. లేచేసరికి చేతికి పెట్టాలి.

నిన్ను ఆరోజు తిట్టుకున్నవన్నీ వెనక్కి తీసుకుంటూ,
అమ్మడు

*

లాండ్రీ బిల్డింగు
8వ తేదీ, ఆదివారం

అమ్మడూ,

ఫ్యాన్లు వేయలేదు. ఉక్కలో సంచుల మధ్య కూర్చుంటే నేనూ ఒక సంచిలోనే ఉన్నట్టుంది. పదిహేడో నంబరు సంచిలో ఎవరో గోడౌనులోకి దొంగచాటుగా తీసుకెళ్ళిన ఫోను రోజూ పొద్దున ఐదున్నరకి అలారం కొడుతోంది. విప్పకూడదు, ఆపలేం. కొట్టి కొట్టి అదే ఊరుకుంటుంది. చార్జింగు ఇన్నాళ్ళు ఎలా ఉంటోందో ఆ కంపెనీ వాడికే తెలియాలి.

జడ్జిగారు నిన్నటి నుంచి నాతో మాట్లాడటం లేదు. అన్నం పొట్లం నా ముందు పెట్టి, అటు తిరిగి తింటోంది. ఇక్కడ గొడవపడి పోవడానికి ఇంకో గది కూడా లేదు.

వాచీ ఇప్పుడు ఇవ్వరు. తరవాత ఇస్తారో కాల్చేస్తారో కూడా చెప్పలేను.

ఒక పని చెయ్యి. నర్సుని అడిగి ఒకసారి దుప్పటి తీయించు. కాళ్ళు రెండూ చూడు. వీలైతే టేపుతో కొలవమను, ఎడమ ఎంత, కుడి ఎంత అని. ఎందుకని అడగకు. చూసి రాయి చాలు. గురువారం లోపల రాయి.

మామయ్య

*

టీ కొట్టు
9వ తేదీ, సోమవారం

మామయ్యా,

చదివి ఒళ్ళు మండిపోయింది. కాళ్ళు కొలిపించాలా? మెషీను మీద ఊపిరి తీసుకుంటున్న మనిషికి కాళ్ళు కొలిపించాలా?

పెళ్ళిలో అంతమంది ముందు "అల్లుడు నడుస్తుంటే ఇల్లే ఒక పక్కకి ఒరిగినట్టుంది" అన్నావు. ఆయన నవ్వేసి ఊరుకున్నారు. ఇంటికెళ్ళి అద్దం ముందు అటూ ఇటూ నడిచి చూసుకున్నారు. నువ్వు చూడలేదు, నేను చూశాను. ఐదు రోజుల కింద తప్పయిందని రాశావు. నిజమే అనుకున్నాను. ఇప్పుడు ఆ కొలతలు పట్టుకుని ఏం చేద్దామని? "ఇలాంటివాడి వెనకాల ఎందుకు పోతావు, బతికినా నడవలేడు, నీ బతుకు నువ్వు చూసుకో" అని చెప్పడానికా? అమ్మ పోయాక నన్ను పెంచావు, నా మంచి కోరతావు, అన్నీ ఒప్పుకుంటాను. ఇది మాత్రం ఒప్పుకోను.

నేను కొలిపించను. గురువారం బండెక్కి ఆయనతో వెళ్తాను. ఆయన వేలు రోజూ కదులుతోంది. నేను బటన్ నొక్కగానే కదులుతోంది. నీకు ఆ సంచులు చాలు, మనుషులు అక్కర్లేదు.

ఇక రాయకు.

*

లాండ్రీ బిల్డింగు
10వ తేదీ, మంగళవారం

అమ్మడూ,

రాయకు అన్నావు. రాయకుండా ఉండగలిగితే నాకూ అదే హాయి. కూర్చుని చదువు. నిలబడి చదవకు.

మొన్న శనివారం బూట్లు వచ్చాయి. సోమవారం గుడారంలో బూట్లు విప్పింది నీళ్ళవైపు ఉన్న నర్సు. మణికట్టు చీటీ చూసి, ఎవరి జత వాళ్ళ నంబరుతో కట్టి, వేరే గోనెలో పెట్టింది. ఆ గోనె అక్కడే మర్చిపోయి ఐదు రోజుల తరవాత నాకు పంపారు. సంచుల పక్కన జతలు సర్దుతున్నాను. ముప్ఫై తొమ్మిదో నంబరు జతలో ఎడమ బూటుకి అడుగున అంగుళం మందం అదనపు అట్ట ఉంది. చేత్తో వేయించింది. అరవై రెండు జతల్లో అలాంటిది అదొక్కటే.

ముప్ఫై ఎనిమిదో నంబరు బూట్లు రెండూ సమానం.

జడ్జిగారు నా చేతిలోంచి ఆ బూటు తీసుకుని చూసింది. "ఆ రోజు కలిపి ఒకే సంచిలో పెట్టమన్నాను కదండీ" అంది. అంతే అంది. అప్పటి నుంచి మాట్లాడలేదు.

బూట్లు కట్టిన నర్సు మణికట్టు చూసి కట్టింది. నేను బట్టలు రంగు చూసి విడదీసి, ఏ నంబరు ఎవరిదో అడక్కుండా తోచిన చీటీ తగిలించాను. నీ మెరూను దారాన్ని, నువ్వు పొడిచిన కన్నాన్ని తీసుకెళ్ళి ముప్ఫై ఎనిమిదిలో పెట్టింది నా చేతులు. రెండు రోజుల తరవాత అదే సంచిలో అవి చూసి, దొరికాడని గంతులేశాను. నేను పెట్టినవే నాకు దొరికాయమ్మా. రెండు నంబర్లు రాసి ఊరుకుని ఉంటే ఆ సంచి చూసినవాళ్ళెవరైనా ఆగి ఆలోచించేవాళ్ళు. ఒక్క గీత మురికి కాకూడదని రెండు కొంపలు ముంచాను.

మన అల్లుడు సోమవారం సాయంత్రమే పోయాడు. ఆ పడుకున్నాయన ఇస్త్రీ కొట్టు పైన ఉండే ఆవిడ భర్త.

శనివారమే తెలిసింది. తెలిసి కూడా ఆదివారం అలా వంకరగా రాశాను. నీకు నువ్వే చూసి తెలుసుకుంటే, ఆ మాట నా నోటితో చెప్పే బాధ తప్పుతుందనుకున్నాను. పిరికితనం అంటే అదే. ఇంకో పాపిష్టి ఆలోచన కూడా వచ్చింది, దాచను. ఆ అద్దం ముందు కూర్చున్న గంటే ఊపిరి ఆడుతోందని రాశావు. నేను నోరు మూసుకుంటే నీకు ఆ గంట ఉంటుంది కదా అనిపించింది. రెండు రోజులు ఈ టేపు వేసిన గదిలో ఆ ఆలోచనతో కూర్చున్నాను. బయటికి పోవడానికి దారి లేదు. కిటికీ తీసి గాలి పీల్చుకునే దారి కూడా లేదు. గురువారం బండి కదిలితే ఒకావిడ బతికున్న భర్తని నువ్వు నీ భర్త అనుకుని తీసుకెళ్ళిపోతావు. ఆవిడ ఇక్కడ మట్టి చూసి ఏడుస్తూ ఉంటుంది. అందుకని రాస్తున్నాను.

ముందు నీకు తెలియాలని ఆగాను, రేపు పన్నెండు గంటలకి ఇంటర్‌కామ్‌లో ఆఫీసుకి నేనే చెబుతాను. రిజిస్టరులో ఆ రెండు పంక్తులూ కొట్టేశాను. ఆవిడకి చెప్పాల్సింది వాళ్ళూ నేనూ. నువ్వు ఇంట్లో ఉండు, పక్కింటి వాళ్ళని తోడు పిలుచుకో. నిన్ను పట్టుకుని కూర్చోవాల్సిన రోజున నేను సంచుల మధ్య కూర్చున్నాను.

నన్ను తిట్టు. కానీ తిట్టడానికైనా రాయి.

మామయ్య

*

ఇల్లు
11వ తేదీ, బుధవారం సాయంత్రం

మామయ్యా,

నీ ఉత్తరం నిన్న సాయంత్రం వచ్చింది. "ఈసారి మీ మామయ్యగారి గీతలు మరీ కొక్కిరిబిక్కిరిగా ఉన్నాయమ్మా" అని వాచ్‌మన్ నవ్వుతూ ఇచ్చాడు. ఆయనకేం తెలుసు. చదివి, అబద్ధం అనుకున్నాను. నువ్వు నన్ను ఆపడానికి అల్లిన కథ అనుకున్నాను. తెల్లారేదాకా అలాగే అనుకున్నాను.

పది గంటలకి వెళ్ళి నీలం కుర్చీలో కూర్చున్నాను. దుప్పటి ఒకసారి తీయమని నర్సుని అడిగాను. తీసింది. రెండు మడమలూ ఒకే చోట ఆగాయి. టేపు అక్కర్లేదు. పాదాలు కూడా ఆయనవి కావు. ఆరేళ్ళు చూసిన పాదాలు తెలియవా నాకు? ఇన్నాళ్ళూ ఒక్కసారీ అవి చూపించమని ఎందుకు అడగలేదో కూడా అప్పుడే తెలిసింది. అడగాలని నాకు లేదు మామయ్యా.

లేచి వచ్చేద్దామనుకున్నాను, లేవలేకపోయాను. ఏమీ మాట్లాడకుండా బటన్ ఒక్కటే నొక్కి పట్టుకున్నాను. ఆ శబ్దానికే వేలు కదిలింది. గంటా అక్కడే కూర్చున్నాను. మా ఆయన పోయారని ఆ మనిషి ముందే ఏడ్చాను.

బయటికి రాగానే రేపటి ప్రయాణం కాగితం ఇచ్చారు. సంబంధం అన్నచోట భార్య అని ముందే కొట్టి ఉంది. కింద సంతకం ఒక్కటే మిగిలింది. పెట్టి రేపు బండెక్కితే నేను ఇంకా భార్యనే. నువ్వు పన్నెండుకి ఫోను చేస్తావని తెలుసు, నువ్వు చేయకపోతే బాగుండునని కూడా అనిపించింది. పెన్ను తీసుకున్నాను. మూత కూడా తీశాను. నీ ఆలోచన పాపిష్టిదైతే నాదీ అంతే, మనిద్దరం ఒక ఇంటివాళ్ళమే. తరవాత మూత పెట్టేసి, మళ్ళీ వస్తానని చెప్పి వెళ్ళాను.

పన్నెండు కాకముందే గోడౌను వెనక వీధికి చేరాను. ఇస్త్రీ కొట్టు పక్క నుంచి ఇనప మెట్లు. ఆవిడే తలుపు తీసింది. నాకంటే పదేళ్ళు పెద్దది. ఆస్పత్రి నుంచి వచ్చానన్నాను.

"ఇంకా ఏం కావాలి మీకు? తాళాలు కూడా ఇవ్వం అన్నారుగా" అంది.

"మీ ఆయన బతికే ఉన్నారండి" అన్నాను. ఎలా చెప్పాలో దారంతా అనుకుంటూ వెళ్ళాను, ఒక్కటీ నోటికి రాలేదు.

తలుపు మొహం మీద వేసేసింది. తప్పులేదు, నేనైనా అదే చేసేదాన్ని. మూసిన తలుపుకే అంతా చెప్పాను, సంచులు, బూట్లు, నీ సంగతి, నా సంగతి. కింద ఇస్త్రీ చేసేవాడు పెట్టె ఆపి వింటున్నాడు. చాలాసేపటికి తలుపు కొంచెం తెరుచుకుంది.

"కుడిచేతి చిటికెన వేలు ఎలా ఉంది?"

"వంకరగా ఉంది. వాపు వల్ల అనుకున్నాను."

"వాపు కాదు. చిన్నప్పుడు తలుపు సందులో పడి నలిగింది." అని, గడప మీదే కూలబడిపోయింది. నా చేయి పట్టుకుని ఏడ్చింది, నవ్వింది, నన్ను చూసి నవ్వు ఆపుకుంది. నేను "ఆ వేలు కదుపుతున్నారండి, కుళాయి సంగతి చెప్పినా కదిపారు, మీరు మాట్లాడితే ఇంకా బాగా కదుపుతారు" అన్నాను.

కాసేపటికి ఆవిడ మొహం తుడుచుకుని ఒక్కసారిగా నా వైపు తిరిగింది.

"మరి రోజూ పొద్దున నేను వెళ్ళి కూర్చుంటున్నది ఎవరి దగ్గర?"

ఆవిడకే అర్థమైంది. లేచి లోపలికెళ్ళి మంచినీళ్ళు తెచ్చి నాతో తాగించింది. శుక్రవారం నుంచి రోజూ సమాధి దగ్గరికి వెళ్తోందట. మాట్లాడేదట, కొట్టు సంగతులు, మెట్లు తుప్పు పట్టిన సంగతి. మొన్న గాలివాన వచ్చినప్పుడు కూడా ఇంటికి రాకుండా గొడుగు పట్టుకుని అక్కడే ఉందట. "ఒక్కణ్ణీ వదిలి రావాలనిపించలేదమ్మా" అంది.

ఇద్దరం కలిసి ఆస్పత్రికి వచ్చాం. అప్పటికే నువ్వు చెప్పేశావు, ఆఫీసంతా గందరగోళంగా ఉంది. ఆ కాగితం మీద నా పేరు కొట్టేసి ఆవిడ పేరు రాశారు. నీలం కుర్చీ దాకా నేనే తీసుకెళ్ళి, బటన్ ఎక్కడుందో చూపించి వచ్చేశాను. ఏం జరిగిందో చూడలేదు.

నీ మీద కోపం పోలేదు. ఎప్పటికి పోతుందో చెప్పలేను. నువ్వు బయటికి వచ్చేసరికి పోకపోవచ్చు కూడా, అయినా వచ్చి ఇంట్లోనే ఉండు. వేరే ఎక్కడికీ వెళ్ళకు, ఇక్కడ నేను ఒక్కదాన్నే ఉండలేను.

ఆవిడ నాకు దారి చెప్పింది. ఊరి చివర ఇనప గేటు దాటాక ఎడమకి, మూడో వరసలో చివరిది. నేల బాగా కాలుతుంది, చాప తీసుకెళ్ళమంది. రేపు వెళ్తాను. ఆయన ఇన్నాళ్ళూ ఒంటరిగా లేరు మామయ్యా, పక్కన ఒక మనిషి గొడుగు పట్టుకుని కూర్చుంది. ఆ ఒక్క మాట పట్టుకునే ఇవాళ ఇంటిదాకా నడవగలిగాను.

అమ్మడు